కిల్ట్ కట్టుకున్న రాత్రి పోలీసులు ఆపితే

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పెద్దోడా, ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పాను. పక్కనే అమ్మమ్మ ఉంది. ఆ రాత్రి సంగతి ఎత్తితే ఆవిడకు ఇప్పటికీ టెన్షనే. అందుకే మిగతాది రాస్తున్నాను. చెల్లికి కూడా చదివి వినిపించు.

గ్లాస్గోలో మీ స్కూలు డాన్సుకు నీకు కిల్ట్, అదే స్కాట్లాండు మగవాళ్ళు నడుముకు కట్టుకునే ఊలు గుడ్డ, కావాలన్నావు, సాక్సులో పెట్టుకునే చిన్న కత్తి కూడా కావాలన్నావు. "దానికే కదా తాతయ్యా నిన్ను పోలీసులు పట్టుకున్నారు" అన్నావు. పట్టుకోలేదు నాన్నా, ఆపి ప్రశ్నలు అడిగారు. ఈ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ రాత్రే నాకు తెలిసింది.

మా పక్కింటాయన స్కాట్లాండు మనిషి. ఆయన కూతురి పెళ్ళికి స్కాట్లాండులో పెర్త్ అనే ఊరి దగ్గర ఒక పల్లెకు వెళ్ళాం. నేను కిల్ట్ కట్టుకుంటే తనకు సంతోషమని ఆయన అడిగాడు. కాదనలేకపోయాను. పొద్దున్నే ఆయనే దగ్గరుండి కట్టాడు. అసలైన కిల్టుకు ఏడెనిమిది గజాల ఊలు గుడ్డ పడుతుంది. కుచ్చిళ్ళన్నీ వెనక ఉంటాయి, ముందు చదునుగా రెండు పొరలు ఒకదానిమీద ఒకటి వస్తాయి. జేబులు ఉండవు కనుక నడుముకు ముందువైపు స్పోరన్ అనే తోలు సంచి వేలాడుతుంది. బరువుగా, వెచ్చగా, మా నాన్న కట్టిన గట్టి అంచు పంచెలా అనిపించింది. చివర్లో ఆయన కుడి కాలి సాక్సులో ఒక చిన్న కత్తి దోపాడు. దాని పేరు స్కియన్ డూ. స్కాట్లాండు పాత భాష గేలిక్‌లో నల్ల కత్తి అని అర్థం. పిడి మాత్రమే బయటికి కనిపిస్తుంది. "ఇది నీకే, ఉంచుకో" అన్నాడు. కళ్ళు చెమర్చాయి.

తిరుగు ప్రయాణంలో బట్టలు మార్చుకోలేదు. అదే నా పొరపాటు. ఇంగ్లండులో ఒక స్టేషన్లో బండి మారాలి. రాత్రి పది దాటింది, అమ్మమ్మ టీ తేవడానికి వెళ్ళింది, నేను బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరు పోలీసులు నేరుగా నా దగ్గరికి వచ్చారు. ఒకాయన పెద్దవాడు, ఒకమ్మాయి చిన్నది. సాక్సులో కత్తి పెట్టుకున్న మనిషి ఉన్నాడని ఎవరో ఫోన్ చేశారట. "సార్, కాలి దగ్గర ఉన్నదేమిటి?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేను ఏం చేశానో తెలుసా? చూపిద్దామని సాక్సు మీదికి వంగాను.

"చేతులు కదపొద్దు!" అని పెద్దాయన గట్టిగా అరిచాడు. ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసింది. కాళ్ళు చల్లబడిపోయాయి. చేతులు మోకాళ్ళ మీద అలాగే పెట్టి కదలకుండా కూర్చున్నాను. ఆ అరుపు చాలా రోజులు చెవుల్లో వినబడుతూనే ఉంది. కానీ ఆయన చోట నిలబడి ఆలోచిస్తే అర్థమైంది. ఎదుటి మనిషి చెయ్యి కత్తి వైపు వెళుతుంటే, ఆ చెయ్యి ఎందుకు వెళుతోందో ఆయనకేం తెలుస్తుంది?

అందుకని ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పోలీసు అడిగినప్పుడు అడిగిన వస్తువు వైపు చెయ్యి పోనివ్వకండి. నోటితో చెప్పండి. "కుడి సాక్సులో చిన్న కత్తి ఉంది, అది కిల్టుతో పాటు పెట్టుకునేది, పెళ్ళి నుంచి వస్తున్నాను" అంటే సరిపోతుంది. తియ్యాలా, వాళ్ళే తీస్తారా అన్నది వాళ్ళనే అడగండి. నేను అలాగే చెప్పాను. స్పోరన్‌లో పెళ్ళి శుభలేఖ ఉందని కూడా చెప్పాను. ఆ అమ్మాయే కత్తి తీసి పక్కన పెట్టింది, శుభలేఖ చదివింది. తరువాత, "మీరు స్కాటిష్ కాదు కదా?" అంది.

అక్కడ మనసు చివుక్కుమంది పిల్లలూ. అప్పటిదాకా ఉన్న భయం వేరు, ఈ బాధ వేరు. ఈ గుడ్డ నీది కాదు అన్నట్టు వినిపించింది. కోపంగా ఏదో అనబోయి ఆగాను. "కాదమ్మా, కట్టించినాయన స్కాటిష్" అన్నాను. పెద్దాయన ఆ అమ్మాయికేదో మెల్లగా చెప్పాడు.

ఏం చెప్పి ఉంటాడో తరువాత చట్టం చదివితే తెలిసింది. ఇంగ్లండులో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్‌లో 139వ సెక్షన్ ఉంది. సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో కత్తి ఉంచుకోవడం నేరం. శిక్ష నాలుగేళ్ళ దాకా పడవచ్చు. మడిచే జేబు కత్తి మూడంగుళాల లోపు ఉంటే మినహాయింపు ఉంది, కానీ స్కియన్ డూ మడవదు కనుక ఎంత చిన్నదైనా ఆ మినహాయింపు దానికి రాదు. అదే సెక్షన్లో మూడు కారణాలు విడిగా రాశారు. పనికోసం, మతం కోసం, ఏదైనా జాతీయ దుస్తుల్లో భాగంగా. సిక్కులు మతం కోసం పెట్టుకునే కిర్పాన్ కత్తికీ, కిల్టు కత్తికీ ఒకే వాక్యంలో చోటు దొరికింది. "ఏదైనా" అన్న మాట చూడండి. కట్టుకున్నవాడు ఆ దేశంలో పుట్టి ఉండాలని అక్కడ రాయలేదు. స్కాట్లాండుకు 1995 నాటి వేరే చట్టం ఉంది, అందులో 49వ సెక్షన్లోనూ ఇవే మూడు కారణాలున్నాయి. కానీ వీటిని వాడుకోవాలంటే ఆ కారణం నిజమని చూపించాల్సింది మనమే. కిల్ట్ లేకుండా ప్యాంటు వేసుకుని జేబులో అదే కత్తి పెట్టుకుని తిరిగితే ఈ మాట పనికిరాదు.

ఇక మీ హక్కులు. ఇంగ్లండులో పోలీసు ఊరికే ఆపి "ఎక్కడికి వెళుతున్నావు" అంటే జవాబు చెప్పితీరాలని లేదు, చెప్పలేదన్న ఒక్క కారణంతో అరెస్టు చెయ్యలేరు. స్కాట్లాండులో మాత్రం, నువ్వు నేరం చేశావని అనుమానం ఉందని పోలీసు చెప్పి అడిగితే పేరు, చిరునామా చెప్పాలి. చెప్పకపోతే అదే నేరం. ఏం చేస్తున్నావన్నదానికి వివరణ ఇవ్వాలన్న బలవంతం అక్కడా లేదు. నా సలహా అడిగితే, దాచాల్సింది లేనప్పుడు నిజం నెమ్మదిగా చెప్పడమే తొందరగా తేలే దారి. వెతుకుతామంటే ఎందుకు, ఏ చట్టం కింద అని మర్యాదగా అడగండి. సోదా చేసినట్టు రాసిచ్చే కాగితం కూడా అడిగి తీసుకోండి. ఇంగ్లండులో మామూలు సోదా అయితే, అందరి ముందు కోటు, జాకెట్టు, గ్లౌజులు తప్ప ఇంకేమీ విప్పమనకూడదు. మీరు పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు కాబట్టి అమ్మానాన్నలకు ఫోన్ చెయ్యాలని అడగండి, సిగ్గుపడకండి.

ఆ రాత్రి వాళ్ళు పేరు రాసుకుని, కత్తి తిరిగి ఇచ్చి, బ్యాగు అడుగున పెట్టుకోమన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. బండి వెళ్ళిపోయింది. రెండు కప్పుల టీ చల్లారిపోయి అమ్మమ్మ చేతుల్లోనే ఉన్నాయి.

తరువాతి బండి కోసం కూర్చున్నప్పుడు పక్కింటాయన పొద్దున కుచ్చిళ్ళు సర్దుతూ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఈ గుడ్డ కట్టుకోవడమే ఒకప్పుడు నేరం. 1746 ఏప్రిల్ 16న ఇన్వర్నెస్ దగ్గర కల్లోడెన్ మైదానంలో యుద్ధం జరిగింది. గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్ళీ గద్దెనెక్కించాలని పోరాడినవాళ్ళను జాకోబైట్లు అనేవారు. హైలాండ్, అంటే ఉత్తర స్కాట్లాండు కొండప్రాంతం, తెగలవాళ్ళు ఎక్కువగా ఉన్న ఆ జాకోబైట్ సైన్యం గంటలోపే ఓడిపోయింది. ఆ ఏడే పార్లమెంటు చట్టం చేసింది. సైన్యంలో ఉన్నవాళ్ళు తప్ప "మగవాడు గానీ, పిల్లవాడు గానీ" ఆ దుస్తులు వేసుకోకూడదు. మొదటిసారి దొరికితే బెయిలు లేకుండా ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రాలు దాటించి పంపడం. పిల్లవాడు అన్న మాట చట్టంలోనే ఉంది నాన్నా, నీ వయసు వాడు కూడా. రేపటి నుంచి పంచె కడితే జైలు అని మా నాన్నతో ఎవరైనా అని ఉంటే ఆయన ఏమైపోయేవాడా అని ఆ బెంచీ మీద చాలాసేపు ఆలోచించాను. కొందరు కిల్ట్ మధ్యలో రెండు కుట్లు వేసి ఇది ప్యాంటే అని వాదించారట. 1782లో చట్టం ఎత్తేశారు. పదేళ్ళప్పుడు కిల్ట్ విప్పేసినవాడు మళ్ళీ కట్టుకునేసరికి నలభై దాటినవాడు. ఎంతమందికి కుచ్చిళ్ళు పెట్టడం గుర్తుండి ఉంటుంది? 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు తనే కిల్ట్ వేసుకున్నాడు. నిషేధించినవాళ్ళ మనవళ్ళ కాలానికి అది రాజు బట్ట అయింది.

ఆ సంగతి తెలిశాక ఆ అమ్మాయి ప్రశ్న అంత గుచ్చుకోలేదు. ఈ గుడ్డ కట్టినవాళ్ళు సొంత కొండల మీదే ఇంతకంటే ఘోరమైన ప్రశ్నలకు జవాబు చెప్పుకున్నారు.

ఇంకొక్క మాట, ఇద్దరికీ. డాన్సులో ఎవరైనా ఆటకోసం కిల్ట్ పైకెత్తబోతే నవ్వి ఊరుకోకండి, వద్దని గట్టిగా చెప్పండి, టీచరుకు చెప్పండి. కింద నుంచి ఫోన్‌తో ఫొటో తియ్యడం స్కాట్లాండులో 2010 నుంచి, ఇంగ్లండులో 2019 నుంచి నేరమే. లోపల నిక్కరు వేసుకో పెద్దోడా, సంప్రదాయం అది కాదని స్నేహితులు ఎంత చెప్పినా సరే.

కిల్ట్ ఈ వారమే పార్సిల్లో పంపుతున్నాను. నడుము దగ్గర పట్టీలు మీ నాన్న చేత సరిచేయించుకో. పిన్ను పై పొరకే పెట్టాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే గుడ్డ చిరుగుతుంది. అద్దె దుకాణాల్లో అంచు లేని ప్లాస్టిక్ స్కియన్ డూ ఇస్తారు, డాన్సుకు పెట్టుకుంటానంటే ముందు స్కూల్లో అడుగు. అసలు కత్తి నా బీరువాలోనే ఉంటుంది. నీ పెళ్ళి రోజు పొద్దున నేనే నీ సాక్సులో దోపుతాను. ఇంటికి బయలుదేరే ముందు నేనే తీస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య