పదిమంది పట్టిన మోకు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

వరద బాధితుల శిబిరంలో రెండు రోజులు పని చేసి వచ్చాక మీలో ఒకరు రాసిన ఉత్తరం నాకు అందింది. అందులోని ప్రశ్నను ఉన్నదున్నట్టుగా ఇక్కడ దించుతున్నాను: "తాతయ్యా, అయిదు సంఘాల వాళ్లు వచ్చి దుప్పట్లు పంచారు. ఒక కుటుంబానికి మూడు వచ్చాయి, పక్క గుడారంలోని ముసలాయనకు ఒక్కటీ రాలేదు. పంచినవాళ్లందరూ మంచివాళ్లే కదా, మరి ఇలా ఎందుకైంది?" పెద్దవాళ్లలో చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే దానధర్మాలు చేసి నిశ్చింతగా నిద్రపోతారు. మీరు అడిగారు కాబట్టి, కాస్త తీరికగానే జవాబు రాస్తాను.

చలిచీమలన్నీ ఒక్కటైతే ఎంతటి పామైనా చిక్కి చస్తుందని మీకు చిన్నప్పుడే నేర్పాము. పదిమందిలో పాము చావదన్నదీ మన పెద్దలే. మొదటి మాట బడిలో చెబుతారు. రెండోది ఇంట్లో, పని చెడిపోయిన తరువాత, విసుక్కుంటూ చెబుతారు. రెండూ నిజమే కావడమే ఇందులోని తిరకాసు.

నాకు పదకొండేళ్లప్పుడు ఒక రాత్రి వీచిన గాలివానకు పెద్ద చెట్టొకటి కూలి, ఒంటరిగా ఉంటున్న ఒక అవ్వ ఇంటి గుమ్మానికి అడ్డంగా పడింది. తెల్లవారేసరికి ఇరవై మంది పిల్లలం, నలుగురైదుగురు పెద్దలు అక్కడ పోగయ్యాము. చెట్టు మొదలుకు ఒక మోకు బిగించి లాగడం మొదలుపెట్టాము. ఒకడు ఊపిరి బిగబట్టి లాగే క్షణానికి ఇంకొకడు పట్టు మార్చుకుంటున్నాడు, మరొకడు జారిన పంచె సవరించుకుంటున్నాడు. చెట్టు కదలలేదు. ఇన్నేళ్ల తరువాత మీ దగ్గర ఒప్పుకుంటున్నాను: నేను అసలు లాగనే లేదు. మోకు మీద చేతులు వేసి, పళ్లు బిగించి, ముఖం కందిపోయేలా చేసుకుని లాగుతున్నట్టు నటించాను. ఇంతమంది ఉండగా నా బలం ఒక లెక్కా అనుకున్నాను. నా ముందున్నవాడి భుజాలు వదులుగా వేలాడుతుండడం చూస్తే వాడూ అదే లెక్క వేసుకున్నాడని తెలిసింది.

మేమేదో ప్రత్యేకంగా చెడ్డపిల్లలమేమో అని చాలాకాలం అనుకున్నాను. తరువాత తెలిసిందేమిటంటే, మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు 1880ల నాడే మనుషుల చేత తాడు లాగించి, ఆ బలాన్ని కొలిచి చూశాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు, విడిగా లాగితే చూపగల బలంలో ఒక్కొక్కరు సుమారు సగమే చూపారు. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం ఇందుకు ఒక కారణం. రెండో కారణం నాకు బాగా తెలిసినదే. 1974లో కొందరు పరిశోధకులు ఒక మనిషి కళ్లకు గంతలు కట్టి, నీ వెనుక ఇంకా కొందరు లాగుతున్నారని నమ్మించి, నిజానికి అతని ఒక్కడి చేతనే తాడు లాగించారు. వెనుక మనుషులున్నారన్న నమ్మకంతోనే అతని బలం తగ్గింది. ఆ గంతల వెనుక ఉన్నది నేనే అనిపించి, అది చదివినప్పుడు సిగ్గుపడ్డాను.

మీ శిబిరంలోనూ ఇదే మోకు ఉంది, పిల్లలూ. ప్రతి సంఘమూ తన సంచీ తాను మోసుకొచ్చి, తనకు ముందు కనిపించిన గుడారంలో దించి వెళ్లింది. ముసలాయన గుడారం మలుపు అవతల ఉండి ఉంటుంది. అటు ఎవరో వెళ్లే ఉంటారని అయిదు సంఘాలవారూ అనుకుని ఉంటారు. ఎవరి మనసులోనూ కల్మషం లేకపోయినా ఆయన ఆ రాత్రి చలికి వణికాడు.

ఈ పొరపాటు మీ శిబిరంతో మొదలైనది కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి లెక్కలేనన్ని సంస్థలు తీరాలకు పరుగెత్తాయి. ఒకచోట అవసరానికి మించిన సాయం, మరొకచోట ఏమీ లేకపోవడం, ఎవరు ఏం చేస్తున్నారో పక్కవారికి తెలియకపోవడం అక్కడ పెద్ద ఎత్తున కనిపించాయి. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి సహాయ పనిని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క సంస్థను బాధ్యురాలిని చేసింది. ఆరోగ్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, తాగునీటికి యునిసెఫ్, అలాగ. వీటిని క్లస్టర్లు అంటారు. 2005 అక్టోబరులో పాకిస్తాన్‌లో భూకంపం వచ్చినప్పుడు ఈ పద్ధతిని తొలిసారి అమలుచేశారు. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒక సాదా పట్టిక. ఎవరు, ఏమి, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు ప్రతి సంస్థా అందులో జవాబు నింపాలి. నింపిన తరువాత ఖాళీగా మిగిలిన గడులను చూడాలి. మీ ముసలాయన అలాంటి ఒక ఖాళీ గడిలో ఉన్నాడు.

మా చెట్టు దగ్గరికి మళ్లీ వస్తాను. మేము అలసిపోయి కూర్చున్నాక, మాతో వచ్చిన ఒక పెద్దమనిషి మోకు వదిలేసి ఎదురుగా ఉన్న రాతి మీదికి ఎక్కి నిలబడ్డాడు. ఆయన ఒక్కడు తగ్గితే బలం తగ్గుతుందని మేము గొణిగాము. ఆయన పట్టించుకోకుండా "ఐలేసా" అని పాడడం మొదలుపెట్టాడు. ఆ "సా" దగ్గర అందరమూ ఒక్కసారిగా లాగాలి, మిగిలిన సమయంలో ఊపిరి తీసుకోవాలి. ఆయన నేరుగా మా ముఖాల్లోకి చూస్తున్నాడు కాబట్టి నటించడం కూడా కష్టమైంది. నేను ఆ ఉదయం మొదటిసారి నిజంగా లాగాను.

సంస్థలు కలిసి పని చేయడం గురించి జాన్ కానియా, మార్క్ క్రామర్ అనే ఇద్దరు 2011లో అయిదు షరతులు రాశారు. అయిదూ చెప్పి మిమ్మల్ని విసిగించను. వాటిలో ఒకటి, అందరినీ కలిపి ఉంచే పని మీదనే పూర్తి సమయం పెట్టే ఒక వెన్నెముక ఉండాలన్నది. రాతి మీద నిలబడ్డ ఆ పెద్దమనిషే మా వెన్నెముక. చిక్కేమిటంటే, ఈ పనికి చందా ఇచ్చేవారు అరుదు. దుప్పటి మీద దాత పేరు అచ్చు వేయవచ్చు. ఎవరికి అందలేదో రాసిపెట్టే పుస్తకం మీద ఎవరి పేరు వేస్తారు? ఉచితంగా పంచే వస్తువుకు దాతలు దొరికినంత సులభంగా, దానిని సరిగ్గా చేర్చే గుమాస్తా జీతానికి దొరకరు. నా దృష్టిలో ఇది దాతృత్వంలోని పెద్ద లోపం.

పేరు కోసం తాపత్రయపడకపోతే ఎంత పని జరుగుతుందో మశూచి విషయంలో లోకం చూసింది. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకున్న కాలమది. అయినా మశూచిని భూమి మీద లేకుండా చేద్దామని 1958లో సోవియట్ వైద్యుడు విక్టర్ ఝ్దానోవ్ ప్రతిపాదించాడు. 1967లో ముమ్మరంగా మొదలైన ఆ పనికి నాయకత్వం వహించినది డి. ఎ. హెండర్సన్ అనే అమెరికన్. సోవియట్ దేశం కోట్ల కొద్దీ టీకా మోతాదులు ఉచితంగా పంపింది. ఆ టీకా వేసే రెండు మొనల సూదిని తయారుచేసిన కంపెనీ దాని మీద రావలసిన రాయల్టీ వదులుకుంది. నైజీరియాలో విలియం ఫేగీ అనే వైద్యుడి దగ్గర 1966 చివరిలో టీకా మందు చాలినంత లేదు. ఆ ప్రాంతంలోని మిషనరీలు రోజూ సాయంత్రం రేడియోలో మాట్లాడుకునేవారు. ఆయన ఆ రేడియోలోనే వారిని అడిగాడు: మీ చుట్టుపక్కల పల్లెలకు మనుషులను పంపి, మశూచి ఎక్కడుందో కనుక్కుని చెప్పగలరా? వార్తలు వచ్చిన చోట్లకే ఉన్న కాస్త మందునూ తీసుకువెళ్లి, రోగి చుట్టూ ఉన్నవారికి టీకాలు వేశారు. అందరికీ వేయనక్కరలేకుండానే అక్కడ వ్యాధి ఆగింది. 1977లో సోమాలియాలో చివరి సహజ కేసు నమోదైంది. 1980 మే 8న మశూచి పోయిందని ప్రకటించారు.

అయితే చెట్టు కథలో అసలు ముక్క ఇంకా చెప్పలేదు. తాళం కుదిరి అందరమూ ఒక్కసారిగా లాగినా, చెట్టు కాస్త ఊగిందే తప్ప జరగలేదు. అప్పుడు అవ్వ కిటికీ ఊచల వెనుక నుంచి, "ఇటువైపు కొమ్మ భూమిలో దిగబడి ఉంది నాయనా, అది నరక్కుండా ఎంత లాగితే ఏం లాభం? పొద్దుటి నుంచీ అరుస్తున్నాను, మీ గోలలో వినిపిస్తేనా!" అంది. మేమందరమూ మోకు వైపే ఉన్నాము. దిగబడిన కొమ్మ ఆమె వైపు నుంచి మాత్రమే కనిపిస్తుంది. ఒకాయన గోడ దూకి వెళ్లి కొమ్మ నరికాడు. ఆ తరువాత మూడు "ఐలేసా"లకే చెట్టు దారి ఇచ్చింది.

గినియా పురుగు వ్యాధిని తరుముతున్నవారికి ఈ సంగతి బాగా తెలుసు. తాగే నీటితో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే ఈ వ్యాధికి టీకా లేదు, మందు లేదు. 1986లో ఏడాదికి సుమారు 35 లక్షల మందిని పీడించిన ఆ వ్యాధి 2023లో 14 మందికి మాత్రమే సోకింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్ వంటి పెద్ద సంస్థలూ, ప్రభుత్వాలూ నిలబడి చేసిన పనే అయినా, తాగే నీటిని గుడ్డతో వడకట్టినది పల్లెలోని తల్లి. పురుగు కాలి నుంచి బయటికి వస్తుంటే మంట భరించలేక చెరువులో దిగాలనిపించినా, దిగితే పురుగు పిల్లలు ఆ నీటిలో కలుస్తాయని దిగకుండా ఒడ్డునే ఆగినవాడు ఆ రోగి. వారు ఆ మోకుకు అవతలి కొసన ఉన్న బరువు కారు. మోకు పట్టినవారిలో వారూ ఉన్నారు.

కాబట్టి ఈసారి శిబిరానికి వెళ్లినప్పుడు సంచీ దించే ముందు, ముసలాయన గుడారానికి వెళ్లి, ఆ వరుసలో ఇంకా ఎవరికి ఏమి రాలేదో ఆయననే అడగండి. చెప్పినది ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని అయిదు సంఘాల వారికీ చూపండి.

ఈలోగా ఇంకొక పని. పొడవాటి మీసాలతో, అటూ ఇటూ పిచ్చిగా పరుగెత్తే చిన్న నల్లచీమలు మీ గోడ వార ఉంటే, వాటి దారిలో ఒక రొట్టె ముక్క వేసి, అరగంట కదలకుండా కూర్చోండి. చాలా చీమలు దానిని పట్టుకుని మోస్తాయి. మోసేవాటికి గూటి దారి సరిగ్గా తెలియదు. అప్పుడే బయటి నుంచి వచ్చి చేరిన ఒక చీమకు తెలుసు. అది కొన్ని క్షణాలు ముక్కను సరైన వైపు తిప్పుతుంది, బలమున్నవి దాని మాట వింటాయి. కాసేపటికి దానికీ దారి తప్పుతుంది, అప్పటికి మరొకటి వస్తుంది. 2015లో శాస్త్రవేత్తలు దీనిని కొలిచి చూపారు గానీ, ఇంత చిన్న తలల్లో ఇంతటి ఒద్దిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ముక్క హఠాత్తుగా మలుపు తిరిగినప్పుడు, కొత్తగా వచ్చినది ఏ వైపు నుంచి చేరిందో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య