సైన్యం కదిలాక సభకు కబురు

సైన్యాన్ని ఏ అధికారంతో పంపారో పార్లమెంటుకు చెప్పి తీరాలా అన్న రగడ మళ్లీ రాజుకుంది. చెప్పి తీరాలని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. దళాలపై సర్వాధికారం రాష్ట్రపతిదని, దాని వినియోగాన్ని చట్టం నియంత్రిస్తుందని 53వ అధికరణ అంటుంది. సభ ఆమోదం కావాలనే చట్టం మాత్రం నేటికీ రాలేదు. 352 కింద అత్యవసర పరిస్థితి విధిస్తే నెలలోగా ఉభయ సభలూ ఒప్పుకోవాలి. అది అత్యవసర పరిస్థితికి ఆమోదం, యుద్ధానికి కాదు.

అసలు మలుపు 1959లో ఉంది. లద్దాఖ్ పక్కనున్న అక్సాయ్‌చిన్‌లో చైనా వేసిన రోడ్డుపై మన ప్రభుత్వం 1958 అక్టోబరు 18న నిరసన పత్రం పంపింది. ఆ రోడ్డు సంగతి సభకు తెలిసింది మరుసటి ఆగస్టు ఆఖర్లో, ఈశాన్య సరిహద్దులోని లోంగ్జూలో చైనా దళాలతో కాల్పులు జరిగాక. పది నెలలు ఫైల్లోనే నలిగింది. సభ్యులు నిలదీస్తే నెహ్రూ సెప్టెంబరు 7న శ్వేతపత్రం పెట్టారు. 1954 నుంచి రెండు దేశాల మధ్య నడిచిన లేఖలు అందులో అచ్చయ్యాయి. అప్పుడు స్పీకరు మన తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి గెలిచినాయన. పత్రం మంచిదే. ఇకమీదట ఇలా పెట్టి తీరాలన్న నియమం మాత్రం ఎవరూ రాయలేదు. గట్టిగా అడిగితే ఇచ్చేదిగానే ఉండిపోయింది. అంతకు ఏడాది ముందు అదే సభ చేసిన సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టంలోనూ, ఆ అధికారాలకు ఆధారమైన కల్లోలిత ప్రాంత ప్రకటనను సభ ముందుంచాలన్న సెక్షన్ లేదు.

సభా నిబంధనలూ అంతే. మంత్రి లోక్‌సభ నిబంధన 372 కింద ప్రకటన చేస్తే అప్పటికప్పుడు ప్రశ్న వేయకూడదు. 193 కింద చర్చకు ఓటింగు ఉండదు. ఓటింగుకు దారితీసే 184 అంటే ఏ పార్టీ ప్రభుత్వానికైనా చేదే.

ముందే చెబితే రహస్యం బయటపడుతుందన్నది ప్రభుత్వం మాట. కానీ ఎవరూ దాడి పథకం అడగడం లేదు. అమెరికాలో 1973 చట్టం ప్రకారం అధ్యక్షుడు 48 గంటల్లో, ఏ రాజ్యాంగ, చట్ట అధికారంతో బలగాలను దింపాడో రాసి పంపాలి. అదీ దాడి మొదలయ్యాకే. పాకిస్థాన్‌లోని బాలాకోట్‌పై వైమానిక దాడిని ‘సైనికేతర ముందస్తు చర్య’ అన్న కీలకమైన మాటను 2019లో మనవాళ్లు మొదట చెప్పింది విలేకరులకు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ప్రత్యేక సమావేశం పెట్టండని ప్రతిపక్షాలు అడిగాయి. లోక్‌సభలో చర్చ మొదలైంది జులై 28న, 82 రోజులకు. పదహారు గంటలు కేటాయించారు. ఓటింగు లేదు.