పెళ్లి గుర్రం గురించి పిల్లలకు ఓ ఉత్తరం

చిరంజీవులైన మనవళ్లకూ మనవరాళ్లకూ తాతయ్య దీవెనలు.

వైశాఖంలో మీ మామయ్య పెళ్లి ఊరేగింపుకి గుర్రాన్ని మాట్లాడారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెళ్లికొడుకు ముందు ఎవరు కూర్చోవాలని మీలో మీకు అప్పుడే గొడవ మొదలైందట. ఇన్నేళ్లు పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ణి కదా, ఆ గుర్రం తరఫున మీతో మాట్లాడాలనిపించింది.

ముందు మీ గొడవ సంగతి తేలుద్దాం. ఊరేగింపుకి వచ్చే గుర్రం ఓ 300 కిలోలు ఉంటుందనుకోండి. తన బరువులో అయిదో వంతుకు మించి గుర్రం వీపు మీద పెట్టకూడదని గుర్రాలు తెలిసినవాళ్లు సాధారణంగా పాటించే లెక్క. అంటే జీనుతో కలిపి 60 కిలోలు. మీ మామయ్య ఒక్కడే 75 కిలోలుంటాడు. ఇంక మీలో ఎవరైనా ఎక్కితే దాని వీపు ఏం కావాలి? కాబట్టి మీరంతా పక్కన నడవండి, డాన్సు చేయండి. కాస్త పెద్ద గుర్రాన్ని చూసుకోమనీ, దాని మీద కూర్చునే సమయం తగ్గించుకోమనీ మీ మామయ్యతో నేను మాట్లాడతాను.

గుర్రం గురించి మీరు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. అది నొప్పిని దాచుకుంటుంది. పులులూ తోడేళ్లూ వేటాడే జంతువుల్లో, కుంటుతూ కనిపించిందే ముందు దొరికిపోతుంది. అందుకే గుర్రానికి ఆ గుణం పుట్టుకతోనే వచ్చింది. దెబ్బ తగిలితే కుక్క కుయ్యోమంటుంది, గుర్రం మాత్రం అరవకుండా నిలబడే ఉంటుంది. చూసినవాళ్లు ‘ఎంత బుద్ధిగా ఉందో’ అనుకుంటారు. బుద్ధిగా ఉందో, బాధలో ఉందో మనమే కనిపెట్టాలి.

చెవులు వెనక్కి అణిచి పెట్టిందా? కంటి పైన కండ బిగుసుకుందా? నోటి చుట్టూ బిర్రుగా ఉందా? ఇవన్నీ నొప్పికి గుర్తులు కావచ్చు. వెనక కాలు ఒకటి వదులుగా వంచి నిలబడితే కంగారు పడకండి, అది విశ్రాంతి తీసుకోవడమే. ముందు కాలు చాపి, దాని మీద బరువు మోపకుండా నిలబడితే మాత్రం ఆ కాలికి ఏదో అయిందని అర్థం. గిట్ట మన గోరులాంటిదే, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి దాన్ని చెక్కి లాడం సరిచేయకపోతే తారు రోడ్డు మీద ప్రతి అడుగూ దానికి నరకమే.

ఇంక తిండి. నా సర్వీసులో గుర్రాల ప్రాణాలు పోవడం ఎక్కువగా చూసింది ఇక్కడే. అంత పెద్ద జంతువుకి పొట్ట చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. అందులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే లాలాజలం మాత్రం నమిలేటప్పుడే వస్తుంది. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో ఎక్కువ సేపు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండేది అందుకే. గడ్డి లేకుండా గంటల తరబడి కట్టేసి, సాయంత్రం ఒక్కసారే తట్టెడు దాణా పోస్తే పొట్టలో పుండ్లు పడతాయి, కడుపునొప్పి వస్తుంది. దాన్నే మేము కోలిక్ అంటాం. మనలాగా కక్కేద్దామన్నా గుర్రానికి వాంతి రాదు. అది పదే పదే పొట్ట వైపు తిరిగి చూస్తున్నా, కాలితో నేల గీరుతున్నా, కిందపడి దొర్లుతున్నా క్షణం ఆగకుండా డాక్టర్ని పిలవాలి. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని సామెత ఉంది గానీ, ఉలవ గుగ్గిళ్లు ఎంత బలమైనా దానికి గడ్డే ముందు. పెళ్లిలో మిగిలిన లడ్డూలూ పులిహోరా ప్రేమగా పెట్టేయకండి.

నీళ్లు రోజుకు 25 నుంచి 45 లీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. అలసిన గుర్రానికి వెంటనే నీళ్లు పెట్టకూడదని మీకు ఎవరైనా పెద్దవాళ్లు చెబుతారు. అది నిజం కాదు. చెమట పట్టిన గుర్రాన్ని తాగనివ్వాలి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోయాలి.

మనకు వినిపించని సన్నటి శబ్దాలు కూడా దానికి వినిపిస్తాయి. అలాంటి చెవుల పక్కన డీజే పెట్టి, కాళ్ల దగ్గర టపాసులు కాలిస్తే అది బెదిరిపోదా? టపాసులు వద్దని పెళ్లివాళ్లతో చెప్పడానికి మీరు మొహమాటపడక్కర్లేదు. పిల్లలు అడిగితే పెద్దవాళ్లు ఒక్కోసారి వింటారు.

నోట్లో ముళ్లున్న కళ్లెం వేయడం మన దేశంలో 1965 నుంచీ నిషేధం. అవే నిబంధనల ప్రకారం బండి లాగే, బరువు మోసే జంతువులతో రోజుకు 9 గంటలకు మించి పనిచేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనిచేయించకూడదు. మీ మామయ్య ముహూర్తం వైశాఖంలో కదా, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఏదైనా తప్పు కనిపిస్తే గుర్రం తెచ్చినాయన మీద అరవకండి. ఆ కుటుంబానికి పూట గడిచేది దాని మీదే. ‘బాబాయ్, కాలు చూడండి, కుంటుతోంది’ అని మర్యాదగా చెప్పండి. అవసరమైతే సంచార పశువైద్యం వాళ్లకు 1962కి ఫోన్ చేయమని నాన్నకు చెప్పండి.

ఇంకో మాట. పాము కరిస్తే ఆస్పత్రిలో ఇచ్చే మందు ఎక్కడిదో తెలుసా? గుర్రానికి పాము విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది. ఆ రక్తం నుంచే మన దేశంలో ఈ మందు చేస్తారు. పొలాల్లో పనిచేసే ఎంతమందో బతికి బట్టకట్టింది దానివల్లే.

గుర్రం దగ్గరకు వెళ్లేటప్పుడు వెనక నుంచి వెళ్లకండి, సరిగ్గా వెనక ఉన్నది దానికి కనిపించదు. మాట్లాడుతూ భుజం వైపు నుంచి వెళ్లండి. క్యారెట్ ముక్క పెట్టాలంటే ముందు యజమానిని అడిగి, అరచేయి చదునుగా చాపి పెట్టండి. విడిదింటి దగ్గర గుర్రానికి రెండు బకెట్ల నీళ్లు, ఓ మోపు పచ్చగడ్డి సిద్ధంగా ఉంచే పని మీదే. ఎవరు ఏది చూసుకుంటారో ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య