పాఠం వచ్చింది, పంతులు ఏరీ?

మన దగ్గర ఆన్‌లైన్ చదువుల సంగతి ఎత్తితే అందరూ కరోనా దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం పడవ దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. 1935లో గుంటూరు జిల్లా కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పాతూరి నాగభూషణం గారు పడవ మీద గ్రంథాలయం నడిపించారు. రోడ్లు సరిగా లేని లంక ఊళ్ల వైపు జనం పడవల్లోనే తిరిగే రోజులవి. చదువుకోవాలనుకున్నవాడు పట్నం వెళ్లక్కర్లేకుండా పుస్తకమే వాడి రేవుకు రావాలన్నది ఆ ఆలోచన. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ ఉద్యమంలో గ్రంథాలయమంటే బీరువా ఒక్కటే కాదు. చదువు రానివాళ్లకు పేపరు చదివి వినిపించేవాళ్లు, రాత్రిబడి నడిపేవాళ్లు కూడా అందులో భాగమే. పుస్తకం పక్కన ఒక మనిషి ఉండేవాడు. ఈ కథనమంతా నేను వెతుకుతున్నది ఆ మనిషినే.

దూరం నుంచి పాఠం చెప్పడం మనకు ఇంటర్నెట్ నేర్పిన పని కాదు. 1975 ఆగస్టు 1న ఆకాశం నుంచి పాఠాలు దిగాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి మన దేశానికి వాడుకోనిచ్చింది. ఇస్రో, ఆకాశవాణి కలిసి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో టీవీలు పెట్టాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకు కొట్టే వైరు జాలీతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఒక టీవీ. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకు వ్యవసాయం, ఆరోగ్యం. తెలుగులో కార్యక్రమాలు తయారయ్యాయి. ఏడాది తిరగ్గానే, 1976 జులై 31తో ఆ ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం వాళ్లది, వెనక్కి తీసుకున్నారు. అరువు తెచ్చుకున్న దాని మీద పెట్టుకున్న చదువు ఎప్పుడు ఆగుతుందో మన చేతుల్లో ఉండదని అప్పుడే తెలిసింది. అయినా ఇదే విషయం తర్వాత కూడా మనకు మళ్లీ మళ్లీ ఎదురైంది.

ఆ పరంపరలో నాకు అన్నిటికంటే గట్టిగా నిలబడినట్టు కనిపించేది సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దాని తొలి వైస్ ఛాన్స్‌లర్ కరీంనగర్ జిల్లాలో పుట్టిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్స్‌లర్ ఆయనే. మన యూనివర్సిటీకి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు, ఇంటర్ సర్టిఫికెట్ లేనివాళ్లకు కూడా ఒక అర్హత పరీక్ష రాయించి డిగ్రీలో చేర్చుకోవడం అప్పట్లో దాని ప్రత్యేకత. తెలుగులో పాఠ్యపుస్తకాలు పోస్టులో వచ్చేవి, రేడియోలో పాఠాలు వినిపించేవి. ఆదివారాల్లో దగ్గరి ఊళ్లోని కాలేజీలో క్లాసులు జరిగేవి.

పదో తరగతితో పెళ్లయి చదువు ఆగిపోయిన మా చిన్నమ్మ అందులోనే బీఏ చేసింది. రాత్రి గిన్నెలు కడిగేశాక వంటింటి గడప మీద కూర్చుని చదివేది. అర్థం కాని చోట పుస్తకం అంచున పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం గీసేది. ఆదివారం టిఫిన్ బాక్సు సర్దుకుని బస్సెక్కి స్టడీ సెంటర్‌కు వెళ్లి, ఆ ప్రశ్నార్థకాలన్నీ ఒక్కొక్కటే అడిగి వచ్చేది. తిరిగొచ్చాక ఎరేజర్‌తో వాటిని చెరిపేసేది. కొన్ని చెరగకుండా మిగిలేవి. ‘ఆ సార్ ఈ వారం రాలేదురా’ అనేది. ఆన్‌లైన్ చదువు గురించి ఎవరైనా గొప్పగా చెబుతుంటే నాకు ఆ పెన్సిల్ గీతలే గుర్తొస్తాయి.

ఇక ఇంటర్నెట్. మనవాళ్లలో చాలామందికి దాని పరిచయం పాఠంతో జరగలేదు, పరీక్ష ఫలితాలతో జరిగింది. అంతకుముందు పదో తరగతి, ఇంటర్ రిజల్ట్స్ అంటే పేపర్లో చీమల బారులా అచ్చయిన హాల్‌టికెట్ నంబర్లు. నంబరు ఉంటే పాస్, లేకపోతే లేదు. 2000 తర్వాత నెట్ సెంటర్ వచ్చింది. రిజల్ట్స్ రోజు ఊళ్లో ఉన్న ఒక్క నెట్ సెంటర్ ముందు చెప్పులు గుట్టగా పడి ఉండేవి. లోపల కుర్రాడు నంబరు కొట్టేవాడు, పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగేది, వెనక నిలబడ్డవాళ్లు టెన్షన్‌తో ఊపిరి బిగపట్టేవాళ్లు. మార్కుల కాగితం ప్రింటు తీసి చేతికిచ్చి, తక్కువొచ్చినవాడికి ‘సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ ఇది’ అని కూడా ఆ కుర్రాడే చెప్పేవాడు. కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టించిందీ అతనే. కరెంటు బిల్లు మొదలు సర్టిఫికెట్ల దాకా ఒకే కిటికీ దగ్గర ఇచ్చే ఈ-సేవ కేంద్రాలు 2001లో వచ్చాయి, 2011లో మీసేవ వచ్చింది. వీటన్నిటిలో కంప్యూటర్‌కూ మనకూ నడుమ ఒక మనిషి ఉన్నాడు. అతనికి పంతులని పేరు లేదు గానీ చేసింది పంతులు పనే.

నెట్ వచ్చింది సరే, అందులో తెలుగు ఎక్కడుంది? ఇది చాలామంది మర్చిపోయిన బాధ. ఒక్కో పత్రిక వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అర్థంపర్థం లేని గుర్తులు. ఒక సైటులో ఉన్న మాటను మరోచోట వెతకడం కుదిరేది కాదు. అన్ని భాషల అక్షరాలూ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనపడేలా చేసే యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా అది మన ఇళ్లలోని కంప్యూటర్ల దాకా రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఈలోపు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేశారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఒక్కో సైటు ఫాంటులో చిక్కుకున్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ కూడా ఆయన చేసిందే. తర్వాత వీవెన్ చేసిన ‘లేఖిని’ వచ్చింది. కీబోర్డు రానివాడు కూడా అందులో ‘amma’ అని ఇంగ్లిష్ అక్షరాలు కొడితే అమ్మ అని తెలుగులో పడేది. జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని వీళ్లు చేసిన పని వల్లే ఇవాళ ఒక పిల్లవాడు తెలుగులో ఒక మాట వెతికితే తెలుగులో జవాబు దొరుకుతోంది. ఏ ప్రభుత్వ పథకం కంటే కూడా ఈ పనికే నేను ఎక్కువ రుణపడి ఉన్నాననుకుంటాను.

పుస్తకాల సంగతీ ఇలాంటిదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, తెలుగు మీడియంలో చదువుకుని, 1994లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారం ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న ప్రయత్నాన్ని ముందుండి నడిపించారు. దాని భారత భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. మన గ్రంథాలయాల్లో చెదలు పట్టబోతున్న వేలాది తెలుగు పుస్తకాలు అలా నెట్‌లోకి ఎక్కాయి. ఎక్కాయి గానీ దొరికేవి కావు. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పులతడకగా ఉండేవి. వికీపీడియా కార్యకర్తలు ఒక్కో పుస్తకం తెరిచి, అట్ట చూసి, పేరూ రచయితా తెలుగులో రాసి జాబితాలు కట్టారు. ఆ తర్వాత అసలు సైటే మూతపడింది. చాలా పుస్తకాలు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి ఉండటం వల్ల బతికాయి. ఏటీఎస్-6 లాగే ఇదీ చేయి జారిపోవాల్సిందే. ఈసారి ఎవరో ముందుచూపుతో ప్రతి తీసి పెట్టారు.

2008లో జరిగిన మరో ప్రయోగానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలుగా మనం పిలుచుకునే రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణాలు తెరిచారు. దానికి తొలి ఛాన్స్‌లర్ రాజ్ రెడ్డి గారే. పదో తరగతిలో బాగా మార్కులు వచ్చిన పల్లెటూరి పిల్లలకు, అందులోనూ సర్కారు బడి పిల్లలకు ప్రాధాన్యమిచ్చి సీట్లిచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో ల్యాప్‌టాప్ పెట్టి, పాఠాలు తెరమీద వినిపించారు. ప్రపంచం ఆన్‌లైన్ కోర్సుల గురించి గట్టిగా మాట్లాడటానికి ముందే మన పిల్లలు ఇలా చదివారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు మొదటి నెలల్లో ఇంగ్లిష్ పాఠం చెవిన పడేది, బుర్రకెక్కేది కాదు. గదిలో ఉన్న మెంటర్ వీడియో ఆపి, అదే విషయం తెలుగులో చెప్పి, మళ్లీ నడిపితే అప్పుడు దారి దొరికేది. మెంటర్ బాగున్న గదిలో పాఠం నిలబడింది. లేని గదిలో ల్యాప్‌టాప్ ఉన్నా లాభం లేకపోయింది.

ఐఐటీల పాఠాలను అందరికీ ఉచితంగా ఇచ్చిన ఎన్‌పీటెల్ 2003 నుంచి ఉంది, కేంద్రం ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను 2017లో తెచ్చింది. తెలంగాణలో ప్రభుత్వం నడిపే పాఠాల ఛానల్ టీశాట్ కూడా 2017లోనే వచ్చింది. వీటిని ఫోన్లో చూడాలంటే డేటా కావాలి. 2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యాక డేటా ధర పడిపోయింది, ఆ తర్వాతే పల్లెల్లో పిల్లలు యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు చూడటం మామూలైంది. గ్రూప్స్ పాలిటీ పాఠం నుంచి మిరపలో తామర పురుగు మందు దాకా అన్నీ తెలుగులోనే. ఆకాశం నుంచి అరువు తెచ్చుకున్నది నలభై ఏళ్లకు జేబులోకి వచ్చింది.

అయినా అది ఎవరి జేబు? 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం దేశంలో నూటికి 24 ఇళ్లకే ఇంటర్నెట్ సౌకర్యం ఉంది, పల్లెల్లో అయితే 15 ఇళ్లకే. కంప్యూటర్ ఉన్నవి 11 ఇళ్లు. ఆ లెక్క వచ్చిన కొద్దికాలానికే, 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్ పాఠాలు చెప్పింది. 1975 నాటి పద్ధతికే మళ్లీ వచ్చామన్నమాట. అందుకు సిగ్గుపడాల్సిన పనేం లేదు, అప్పటికి చాలా ఇళ్లకు అందేది అదే.

మా వీధిలో తాపీపని చేసే ఒకాయన ఇంట్లో ఒకటే ఫోను, ఇద్దరు పిల్లలు. ఫోను తండ్రితో పాటు పొద్దున్నే పనికి వెళ్లిపోయేది. సాయంత్రం ఏడింటికి ఆయన వచ్చాక వాట్సాప్ గ్రూపులో టీచర్ పెట్టిన హోంవర్క్ తెరిచేవాళ్లు. ముందు అబ్బాయి చేసుకునేవాడు. అమ్మాయి వంతు వచ్చేసరికి చార్జింగో డేటానో అయిపోయేది. ఆ పిల్ల ఒకరోజు మా ఇంటికొచ్చి ‘అన్నయ్యా, ఇది కొంచెం చూపిస్తారా’ అని నోట్‌బుక్ తెరిచింది. భిన్నాల లెక్క. టీవీలో ఆ పాఠం వచ్చింది, చూసింది కూడా. నడుమ ఒక మెట్టు జారిపోయింది, టీవీని ఆపి అడగలేదు కదా. ఐదు నిమిషాల్లో అయిపోయే పని, నాలుగు వారాలుగా అక్కడే ఆగి ఉంది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు అలా ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అప్పట్లో చెట్ల కింద, అరుగుల మీద పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పిన టీచర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లు పూడ్చింది ఈ ఖాళీనే.

తర్వాత వచ్చింది వస్తువులు పంచే కాలం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది, అందులో పాఠాలు బైజూస్ కంపెనీవి. పేద పిల్ల చేతికి ట్యాబ్ ఇవ్వడం తప్పని నేను ఎప్పుడూ అనను, అది ఆ పిల్లకు రావాల్సిందే. కానీ 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం మరొకరి సొత్తయినప్పుడు వాళ్ల కష్టసుఖాలు మన బడి మీద పడతాయి. ట్యాబ్ ఇచ్చిన రోజే దాన్ని తెరిచి పక్కన కూర్చునే మనిషికి ఎంత ఖర్చు పెడుతున్నామన్న ప్రశ్న కూడా వేసుకోవాల్సింది.

హైదరాబాద్ చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. నోటిఫికేషన్లు పడే కాలంలో పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు. ఆదిలాబాద్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చి చిన్న గదుల్లో అద్దెకుండే పిల్లలు టిఫిన్ డబ్బాలతో వస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోన్లో యూట్యూబ్ క్లాసు, బల్ల మీద తెలుగు అకాడమీ పుస్తకం. మధ్యాహ్నం ఆవరణలో నలుగురు గుంపుగా కూర్చుంటారు. ఒకమ్మాయి వీడియో ఆపి, అందులో చెప్పిన రాజ్యాంగ అధికరణ తనకు అర్థం కాలేదంటుంది. ఏడాది ముందు నుంచి చదువుతున్న ఇంకొకమ్మాయి తన నోట్స్ తీసి, ‘అది కాదే, ఇట్లా చూడు’ అని నేల మీద సుద్దముక్కతో గీసి చూపిస్తుంది.