రోడ్డు వెడల్పయింది, ఊరు అక్కడే ఉంది

జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశం శ్రీకాకుళంలో జరిగినా విజయనగరంలో జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు మళ్లీ మళ్లీ జరిగే చోటు. కలెక్టర్ అధ్యక్షత వహిస్తారు. పోలీసులు లెక్క చెబుతారు. హైవే అథారిటీ, ఆర్ అండ్ బీ, రవాణా శాఖ, మున్సిపాలిటీ అధికారులు తమ వంతు వచ్చినప్పుడు మాట్లాడతారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు మన రోడ్డు సంగతి చెప్పుకోవాలి.

మద్రాసు, కలకత్తాలను కలిపే పాత ట్రంకు రోడ్డు ఊళ్ల మధ్య నుంచే పోయేది. బస్సు ఆగే చోట టీ కొట్టు, దాని పక్కన సైకిల్ షాపు, వారానికోసారి సంత వెలిశాయి. చూస్తుండగానే అదొక జంక్షన్ అయింది. గుంటూరు వైపు సెంటర్ అంటారు గానీ మనకి నాలుగు దారులు కలిసిన ప్రతిచోటా జంక్షనే. లారీలు కూడా ఊరి నడకకు తగ్గట్టే వెళ్లేవి, ఎందుకంటే ఎద్దుబండి పక్కకి తప్పుకునేదాకా ఆగక తప్పేది కాదు.

నాలుగు మహానగరాలను కలిపేందుకు 1998లో ప్రకటించిన హైవే పథకం స్వర్ణ చతుర్భుజి ఈ లెక్కను మార్చింది. అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. 2010లో నంబర్లు మార్చినప్పుడు అదే పదహారు అయింది. భోగాపురం, పూసపాటిరేగ దాటి పైడిభీమవరం దగ్గర శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చి, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా పోతుంది. కొన్ని పట్టణాలకు బైపాస్ వచ్చింది. చాలా ఊళ్లకు మాత్రం ఇల్లు ఒక పక్క, పొలమో బడో బస్‌స్టాపో రెండో పక్క మిగిలిపోయాయి.

నాలుగు వరుసలు, ఆపై వరుసలున్న రోడ్డు మీద కారుకు 2018 నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా కేంద్రం అనుమతి ఉంది. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఒక వైపు రెండు వరుసలు కలిపి సుమారు ఏడు మీటర్ల వెడల్పు. నెత్తిన గంపతో ముసలమ్మ సెకనుకు మీటరు చొప్పున నడిస్తే అటు వైపు దాటడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఆమె అడుగు వేసేటప్పుడు దాదాపు 200 మీటర్ల దూరంలో, చీమంత కనిపించిన కారు, ఆమె డివైడర్ చేరేసరికి పక్కనే ఉంటుంది. జాగ్రత్తగా దాటమని బోర్డు పెడితే తీరే సమస్య కాదిది. అండర్‌పాస్ అర కిలోమీటరు అవతల ఉంటే ఆమె అటు వెళ్లదు, డివైడర్ పగిలిన చోటు నుంచే దాటుతుంది. బైకు మీద వచ్చే ఆమె మనవడు రాంగ్ రూటులో వస్తాడు. వాళ్లను తిట్టడం సులువే గానీ, ఆ దారి గీసినప్పుడు వాళ్ల నడక ఎవరి లెక్కలోనూ లేదు.

2012 నవంబరు 2న ఇదే రోడ్డు మీద, రణస్థలం దగ్గర, కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు చనిపోయారు. అర్ధరాత్రి దాటాక ఆయన కారు ట్యాంకర్‌ను ఢీకొట్టింది. జిల్లా అంతా ఏడ్చింది. జంక్షన్లలో లైట్లు, డివైడర్ల మధ్య వదిలిన దారుల గురించి అప్పుడు చాలా మాట్లాడుకున్నారు. పేరున్న మనిషి పోతే తప్ప మనం ఆ మాట ఎత్తం.

చట్టం వైపు కథ వేరే దారిలో నడిచింది. జిల్లా స్థాయిలో భద్రతా కమిటీలు వేయవచ్చని 1988 మోటారు వాహనాల చట్టంలోని 215వ సెక్షన్ ఏనాడో చెప్పింది. వాటిలో కదలిక తెచ్చింది సుప్రీంకోర్టు. రోడ్డు భద్రత మీద వేసిన రాజశేఖరన్ కేసులో 2014లో జస్టిస్ రాధాకృష్ణన్ కమిటీని వేసింది. 2017 నవంబరు 30న ప్రతి జిల్లాలో కమిటీ ఉండాలని, బ్లాక్ స్పాట్లు గుర్తించి సరిచేయాలని, రోడ్లకు భద్రతా ఆడిట్ చేయాలని ఆదేశించింది. 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోతేనో వైకల్యం పాలైతేనో ఆ రోడ్డు గీసినవాళ్లకు, వేసినవాళ్లకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ప్రమాదం జరగ్గానే డ్రైవర్‌దే తప్పని తేల్చేసే అలవాటున్న మనకి ఇది కొత్త ఆలోచనే.

ఇక బ్లాక్ స్పాట్ సంగతి. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, లేదా పది మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. నాకు ఎప్పుడూ మింగుడుపడని నిర్వచనం ఇది. జనం ప్రాణాలు పోతేనో ఒళ్లు విరిగితేనో తప్ప ఒక జంక్షన్ ఆ జాబితాకి ఎక్కదు. రోజూ బ్రేకులు కీచుమనే చోటు, పిల్లలు ఊపిరి బిగపట్టి దాటే చోటు అందులో ఉండదు. ఆ చోట్లు స్థానిక పోలీసుకి తెలుసు, పంచాయతీకి తెలుసు, ఆటో స్టాండుకి ఇంకా బాగా తెలుసు.

తెలిసినా పని ఎవరిదన్న ప్రశ్న ఉంది. జంక్షన్లో పెద్ద రోడ్డు కేంద్రానిది, దానికి కలిసే రోడ్డు ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో, మూల మీద కొట్లకు అనుమతి పంచాయతీదో మున్సిపాలిటీదో. స్పీడ్ బ్రేకర్ కావాలంటే ఒకరు, లైటు వెలగాలంటే ఇంకొకరు, ఆ లైటు కరెంటు బిల్లుకి మరొకరు. నాతవలస దగ్గర హైవే నుంచి విడిపోయి విజయనగరం, గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిశా ఘాట్ ఎక్కే 26వ నంబరు రహదారి మీదా ఇదే కథ, దానికి తోడు మలుపులు. ఊళ్లను కలిపే చిన్న రోడ్ల మీద కోతల కాలంలో ధాన్యం ఎండబోస్తారు, సగం రోడ్డే మిగులుతుంది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో దాదాపు రెండు శాతమే అయిన జాతీయ రహదారుల మీద 61,038 మంది పోయారు. రహదారి పొడవునా ఊళ్లున్న జిల్లాకి ఆ లెక్క దూరం కాదు.

ఆనందపురం నుంచి నరసన్నపేట వైపు రోడ్డును ఆరు వరుసలు చేశారు. ముసలమ్మ దాటాల్సిన దూరం ఒక్కో వైపు మూడున్నర మీటర్లు పెరిగింది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. కార్లు, ట్యాక్సీలు, కొత్త హోటళ్లు అటే వస్తాయి. పైడిభీమవరం ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు, కూలి పని నుంచి వచ్చే ఆటోలు ఎలాగూ ఉన్నాయి. కమిటీ ముందున్న జాబితాలో ఇప్పుడున్నవి గడిచిన మూడేళ్ల ప్రమాదాల చోట్లు. సర్వీసు రోడ్డు ఎక్కడ ఆగిపోయింది, బస్సు ఎక్కడ ఆగుతోంది, బడి గేటు ఏ పక్క ఉంది అని ఊళ్లవారీగా రాసుకున్న రెండో జాబితా ఒకటి ఆ బల్ల మీదికి రావాలి.