అదే కాలు మళ్ళీ మళ్ళీ ఎందుకు బెణుకుతోంది?

పిల్లలూ,

బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ ఎందుకు బెణుకుతోందని అడిగారు కదా. నోటితో చెబితే సగం విని గ్రౌండ్‌లోకి పరిగెత్తుతారని రాసి పంపుతున్నాను.

చీలమండ బయటి వైపు ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు మూడుంటాయి. ఎగిరి దిగేటప్పుడో, పరుగులో ఒక్కసారిగా పక్కకు తిరిగేటప్పుడో పాదం లోపలికి మడత పడితే వాటి మీదే భారమంతా పడుతుంది. ముందు వైపున్నది అందులో బలహీనమైనది, సాధారణంగా మొదట దెబ్బతినేది అదే. గాల్లోంచి దిగేటప్పుడు వేళ్ళు కిందికి వాలి ఉంటాయి, ఆ భంగిమలో జాయింటుకు పట్టు తక్కువ. వాలీబాల్‌లో నెట్ దగ్గర, బాస్కెట్‌బాల్‌లో రీబౌండ్ (బుట్టలో పడక వెనక్కొచ్చిన బంతి) కోసం ఎగిరినప్పుడు పక్కవాళ్ళ పాదం మీద దిగితే కాలు బెణికేది అందుకే.

లిగమెంట్ చేసే పని ఎముకలను పట్టి ఉంచడం ఒక్కటే కాదు. పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు చెప్పే సన్నటి నరాల చివరలు కూడా అందులో ఉంటాయి. ఆ కబురు అందగానే పిక్క బయటి వైపు కండరాలు పాదాన్ని లాగి సరిచేస్తాయి. ఒకసారి బెణికాక ఈ వ్యవస్థ మందగిస్తుంది. వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, కబురు మాత్రం ఆలస్యంగానే వెళ్తుంటుంది. మీరేమో నొప్పి లేదు కదా అని మ్యాచ్‌కు దిగుతారు. కాలు జారిపోతున్నట్టుందని చెప్పేవాళ్ళకు బ్యాలెన్స్ కసరత్తులు మేలు చేస్తాయని మైఖేల్ ఫ్రీమన్ అనే బ్రిటిష్ ఎముకల డాక్టర్ 1965లోనే రాశారు. ఇన్నేళ్ళయినా అందరూ ఎగ్గొట్టేది ఆ కసరత్తులనే!

ఇక బెణికిన రోజు సంగతి. ముందు ఎముక విరిగిందేమో చూసుకోవాలి. ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడాలోని ఒటావా డాక్టర్లు 1992లో కొన్ని సూత్రాలు ప్రకటించారు. కుంటుతూ అయినా నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ పొడుచుకొచ్చిన ఎముకల అంచు మీద నొక్కితే నొప్పిగా ఉన్నా, పాదం మధ్యలో చిటికెన వేలి వైపున్న ఎముక మీద నొప్పి ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఎదిగే వయసులో ఎముక చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది, బెణుకు అనుకున్నది అక్కడ తగిలిన దెబ్బ కావచ్చు. కాబట్టి మీ విషయంలో అనుమానం వస్తే చాలు, చూపించుకోవాల్సిందే.

ఎముక బాగానే ఉందని తేలితే మొదటి రెండు మూడు రోజులు ఎలాస్టిక్ బ్యాండేజ్ కట్టుకుని, కాలు ఎత్తులో పెట్టుకోండి. ఐస్‌ను గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకండి. విశ్రాంతి, ఐస్ అన్న సూత్రాన్ని 1978లో ప్రచారం చేసిన డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా, అవి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత మాట మార్చుకున్నారు. ఆ రోజుల్లో గట్టిగా మర్దన చేయనివ్వకండి, వేడి కాపడం పెట్టకండి. ఎవరైనా కాలు పట్టి లాగి సరిచేస్తానంటే దణ్ణం పెట్టి పంపించేయండి.

తర్వాత కదిలించడం మొదలుపెట్టాలి. కూర్చుని బొటనవేలితో గాల్లో అ నుంచి ఱ దాకా రాయండి. మన అక్షరాలన్నీ గుండ్రటివే కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. గోడకెదురుగా నిలబడి మడమ లేవకుండా మోకాలు గోడకు ఆనించి చూడండి, రెండు కాళ్ళకూ తేడా ఉందంటే బిగుతు ఇంకా వదల్లేదన్నమాట. సాగే బ్యాండ్‌ను పాదానికి తగిలించి బయటికి లాగడం, మునివేళ్ళ మీద లేవడం కూడా రోజూ చేయాలి.

అసలు మందు ఒంటికాలి మీద నిలబడడం. ముందు ముప్పై సెకండ్లు. అది తేలికయ్యాక కళ్ళు మూసుకుని, ఆపైన దిండు మీద, ఆ తర్వాత ఎవరైనా బంతి విసురుతుంటే పట్టుకుంటూ. చివరికి ఒంటికాలి మీద గెంతి, దిగిన చోటే ఊగకుండా నిలబడగలగాలి. వారం చేసి మానేస్తే లాభం లేదు. కనీసం ఆరేడు వారాలు చేసి, సీజన్ అంతా వార్మప్‌లో కొనసాగించండి. బోర్ కొడుతుందని నాకూ తెలుసు.

బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టీఫెన్ కరీకి 2011, 2012లలో కుడి చీలమండకు రెండు ఆపరేషన్లు జరిగాయి. ఆయన తర్వాత చీలమండ దగ్గరే ఆగిపోలేదు, తుంటి కండరాలను బలపరచుకున్నాడు, చీలమండకు ఆసరాగా తొడిగే బ్రేసులు వేసుకుని ఆడాడు. 2015, 2016లలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు అయ్యాడు.

బ్రేస్ అన్నాను కదా, ఒకసారి బెణికినవాళ్ళు ఏడాది పాటు ఆడేటప్పుడు వేసుకోవడం మంచిది. టేప్ కూడా పనిచేస్తుంది కానీ ఆట సాగేకొద్దీ వదులవుతుంది. కసరత్తులు చేస్తూ ఉంటే బ్రేస్ వల్ల కండరాలు బలహీనపడతాయన్న టెన్షన్ అక్కర్లేదు.

మళ్ళీ ఆటకు ఎప్పుడంటారా? తేదీ చూసి కాదు, కాలు చూసి. తిన్నగా పరిగెత్తగలగాలి, తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో, ఆ తర్వాత వేగంగా మలుపులు తిరుగుతూ. ఒంటికాలి గెంతులో రెండు కాళ్ళూ సమానంగా దూరం వెళ్ళాలి. ఫైనల్ ఉందనో, కోచ్ అడిగారనో దీన్ని దాటేయకండి.

ఇవన్నీ చేసినా రెండు మూడు నెలల తర్వాత కూడా మెట్లు దిగేటప్పుడో, ఎగుడుదిగుడు నేల మీదో కాలు జారిపోతున్నట్టు ఉంటే ఎముకల డాక్టర్‌కో ఫిజియోకో చూపించండి. వెళ్ళేటప్పుడు ఏ కాలు, ఎన్నిసార్లు, ఏం చేస్తుండగా బెణికిందో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, వాళ్ళు ముందు అడిగేది అదే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య