హిస్టోన్‌ను నమ్మడానికి 32 ఏళ్లు

వోరినోస్టాట్ అనే కేన్సర్ మందుకు 2006లో అమెరికాలో అనుమతి దొరికింది. చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకు వాడతారు. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీద చిన్న రసాయన గుర్తులుంటాయి. వాటిని చెరిపే ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. ఆ గుర్తులకు అంత పని ఉందని చాలాకాలం ఎక్కువమంది నమ్మలేదు.

హిస్టోన్లను ఆల్‌బ్రెక్ట్ కొసెల్ 1884లోనే కనిపెట్టాడు. మన కణంలో సుమారు రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. దాన్ని కేంద్రకంలో ఇమడ్చడానికి ఇవి దారపు రీళ్లలాంటివి, అంతే అనుకున్నారు. రీలు అన్న పోలిక తప్పేం కాదు. ఎనిమిది హిస్టోన్ల ముద్ద చుట్టూ డీఎన్ఏ రెండు చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. కాకపోతే ఈ రీలుకు బయటికి పొడుచుకొచ్చే ప్రొటీన్ తోకలున్నాయి. కథంతా వాటిదే.

తోకల్లోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి ధనావేశం, డీఎన్ఏకు ఋణావేశం. అందుకే గట్టిగా అతుక్కుంటాయి. లైసిన్‌కు ఎసిటైల్ అనే రసాయన గుర్తు అంటితే ఆ ఆవేశం పోయి పట్టు సడలుతుంది, జన్యువును చదివే యంత్రాంగానికి చోటు దొరుకుతుంది. ఎసిటైల్‌కూ ఆర్ఎన్ఏ తయారీకీ, అంటే జన్యువును చదవడానికీ లంకె ఉండొచ్చని న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రీ 1964లోనే అన్నాడు. కానీ గుర్తు పడ్డాకే జన్యువు పనిచేస్తుందా, పనిచేస్తోంది కాబట్టి గుర్తు పడిందా? చెట్టు ముందా, విత్తు ముందా అన్న పేచీ అది.

ఈస్ట్‌లో హిస్టోన్ తోకలు కత్తిరిస్తే జన్యువుల పని మారుతుందని మైకేల్ గ్రన్‌స్టైన్ బృందం చూపించింది. అయినా గుర్తు పెట్టే ఎంజైము చేతికి చిక్కలేదు. డేవిడ్ ఆలిస్ దాన్ని చెరువు నీళ్లలో బతికే టెట్రాహైమెనాలో వెతికాడు. ఏకకణ జీవే అయినా దీనికి కేంద్రకాలు రెండు. పనిచేసే పెద్దదానిలో హిస్టోన్లకు ఎసిటైల్ దండిగా ఉంటుంది, మౌనంగా ఉండే చిన్నదానిలో ఉండదు. ఇంతకన్నా మంచి జీవి దొరకదు. ఆలిస్ ల్యాబ్‌లో ముందే హిస్టోన్లు కలిపిన జెల్‌లో ఆ కణాల ప్రొటీన్లను విడదీసి, రేడియోధార్మిక ఎసిటైల్ అందించారు. ఫిల్ము మీద ఒక చోట పట్టీ తేలింది, అంటే ఎసిటైల్ అంటించే ఎంజైము అక్కడుంది. ఆ ప్రొటీన్ ఈస్ట్‌లోని జీసీఎన్5కు చుట్టమని 1996లో తేలింది. జీసీఎన్5 అప్పటికే జన్యువులను ఆన్ చేసేదిగా పేరుపడ్డదే! అదే ఏడాది స్టూవర్ట్ ష్రైబర్ బృందానికి చెరిపే ఎంజైము దొరికింది.

తర్వాత మిథైల్ అనే మరో రకం గుర్తుల వంతు. ఇవి కొన్నిచోట్ల జన్యువును లేపితే, కొన్నిచోట్ల నిద్రపుచ్చుతాయి. ఈ గుర్తుల కూర్పు జన్యువులకు ఆదేశాలిచ్చే ఒక భాష అన్నట్టు, దీన్నంతా ‘హిస్టోన్ కోడ్’ అనడం నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది.

వోరినోస్టాట్ సంగతికొస్తే, దాని మూలం 1971 నాటి ఒక ప్రయోగం. డీఎంఎస్ఓ ద్రావకం కలిపితే ఎలుక లుకేమియా కణాలు మామూలు ఎర్ర రక్తకణాల దారిలో హిమోగ్లోబిన్ తయారుచేశాయని షార్లెట్ ఫ్రెండ్ గమనించింది. దాన్ని పట్టుకుని రసాయనాలు మార్చుకుంటూ పోయినవాళ్లకు, తమ మందు హిస్టోన్ల జోలికి వెళ్తోందని తెలిసింది 1990ల చివర్లోనే.